మిగిలిన టైము ఎవరిది?

సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాడికి చుట్టాలు పురమాయించే పనులు కాలాన్నిబట్టి మారుతుంటాయి. ఒకప్పుడు ప్రింటరు ఎందుకు పనిచెయ్యట్లేదో చూడమనేవాళ్ళు. తర్వాత కొన్నాళ్ళు మా వాడికి ఏ కోర్సయితే మంచిదో చెప్పమన్నారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిందగ్గర్నుంచీ ప్రశ్న మెల్లగా మారుతూ మారుతూ, "మన షాపులో ఏఐ పెట్టిస్తే ఎంత టైము కలిసొస్తుందిరా?" దగ్గరికొచ్చి ఆగింది. ఏఐ అంటే ఏసీ లాగా గోడకి బిగించే వస్తువేమో అన్నట్టు అడుగుతారు గానీ, ప్రశ్నలో తప్పేమీ లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న వ్యాపారంలో ఏఐ వల్ల టైము కలిసొచ్చే మాట నిజమే. ఆ కలిసొచ్చిన టైము ఎవరి ఖాతాలో పడాలన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు. అది మనుషులే కూర్చుని తేల్చుకోవాలి, అదీ ముందుగానే.

అసలు విషయానికొస్తే, మా బాబాయికి విజయవాడ ఆటోనగర్లో లారీ స్పేరుపార్టుల కొట్టుంది. బాబాయి, ఒక గుమస్తా, సామాను తీసిచ్చే కుర్రాళ్ళిద్దరు. అంతే సిబ్బంది. గుమస్తాని అందరూ పంతులుగారంటారు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పని చేస్తున్నారు. మొదట్లో చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో లెక్కలు రాశారు. తర్వాత ట్యాలీ నేర్చుకున్నారు. 2017 జులైలో జీఎస్టీ వస్తే అదీ నేర్చుకున్నారు. ప్రతిసారీ "ఇదొస్తే మీకు పని తగ్గిపోతుంది" అనే చెప్పారట. తగ్గిందా అనడిగితే నవ్వి, "పుస్తకాల బరువు తగ్గింది బాబూ" అన్నారు.

2025 చివర్లో ఓ వారం సెలవు పెట్టి ఆ కొట్లో కూర్చున్నాను. ఆ వారం ఒక్క లైను కోడు కూడా రాయలేదు. ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారో నోటుబుక్కులో రాసుకున్నానంతే. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకి జవాబులివ్వడానికే రోజంతా పోతోందని బాబాయి నమ్మకం. నోటుబుక్కు వేరే చెప్పింది. కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించడానికి పంతులుగారికి రోజుకి రెండున్నర గంటలు పడుతోంది. ఇది కాక నెలకి మూడు సాయంత్రాలు జీఎస్టీ లెక్కలు సరిచూడ్డానికి పోతున్నాయి.

ఈ రెండోది తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మనకి సరుకమ్మినవాళ్ళు నెలనెలా రిటర్ను వేసేవాళ్ళయితే, మనకిచ్చిన బిల్లుల్ని తరవాతి నెల 11వ తేదీలోపు తమ రిటర్నులో చూపించాలి. 14న మన పేరు మీద జీఎస్టీఆర్-2బి అని ఒక జాబితా తయారవుతుంది. మనం కట్టిన పన్నుని వెనక్కి లెక్కలోకి తీసుకోవాలంటే బిల్లు ఆ జాబితాలో ఉండాలి. 2022 జనవరి 1 నుంచీ ఇదే రూలు. 20వ తేదీలోపు మన రిటర్ను వెయ్యాలి. అంటే 14కీ 20కీ మధ్య కూర్చుని, మన పుస్తకంలో ఉన్న బిల్లుల్నీ ఆ జాబితానీ ఒక్కొక్కటే పోల్చుకోవాలి. లేనివాటి కోసం అమ్మినవాళ్ళకి ఫోన్లు చెయ్యాలి.

దీనికి ఏఐ అక్కర్లేదు. రెండు ఫైళ్ళని పోల్చే చిన్న పైథాన్ ప్రోగ్రాము చాలు. తిప్పలన్నీ బిల్లు నంబర్ల దగ్గరే. ఒకడు 0047 అని రాస్తాడు, జాబితాలో 47 అని ఉంటుంది. ఒకచోట అడ్డగీత, ఇంకోచోట ఏటవాలు గీత. ఆ తేడాలు తీసేసి, జీఎస్టీ నంబరు, తేదీ, మొత్తం కలిపి చూస్తే చాలావరకు జతపడిపోయాయి. మూడు సాయంత్రాలు కాస్తా ఒక గంటయ్యింది. నాకు తెలిసి చిన్న వ్యాపారాల్లో "ఏఐ ఆటోమేషన్" పేరుతో అమ్ముతున్నదాంట్లో చాలా భాగం ఇలాంటి పనే. అయిదేళ్ళ క్రితం కూడా చెయ్యగలిగేవాళ్ళం, ఎవరూ కూర్చుని చెయ్యలేదంతే.

ఏఐ నిజంగా పనికొచ్చింది బిల్లులు చదవడంలో. ఒక్కో కంపెనీది ఒక్కో రకం బిల్లు. కొన్ని కార్బన్ కాపీలు, కొన్ని చేత్తో రాసినవి. ఫోన్లో ఫోటో తీసి పంపిస్తే మోడలు చదివి, పట్టికగా మార్చి ఇస్తుంది. దాన్ని ట్యాలీలోకి ఎక్కించొచ్చు. పాతకాలపు ఓసీఆర్‌తో తంటాలు పడ్డవాళ్ళకి ఇది మాయలాగే ఉంటుంది.

అయితే దీంతో ఒక ఇబ్బందుంది. పంతులుగారికి అంకె సరిగ్గా కనపడకపోతే కళ్ళజోడు పైకెత్తి "ఇది ఒకటా, ఏడా?" అనడుగుతారు. మోడలు చాలాసార్లు అడగదు. ఏదో ఒకటి రాసేస్తుంది, అదీ చాలా అందంగా. అందుకని అది రాసిన ప్రతి బిల్లునీ మామూలు కోడుతో పరీక్ష పెట్టించాం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, చివరిది సరిచూసుకోవడానికే పెట్టింది. ఒక్క అక్షరం తప్పు చదివినా అక్కడ దొరికిపోతుంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36. కాబట్టి హైదరాబాదు డీలరు విజయవాడకి పంపిన సరుకుకి ఐజీఎస్టీ ఉండాలి, సీజీఎస్టీ ఎస్జీఎస్టీ కనపడితే ఆగి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచీ ఆటోపార్టులన్నీ 18 శాతంలోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు బిల్లులో 28 కనపడితే తప్పు కాదు, తర్వాత బిల్లులో కనపడితే అనుమానించాలి.

ఇవన్నీ పెట్టాక పంతులుగారు ఒక మాటన్నారు. "బాబూ, పది బేరింగులు 240 చొప్పున అనేదాన్ని 240 బేరింగులు పది చొప్పున అని చదివితే మీ లెక్క ఎలా పట్టుకుంటుంది?" నిజమే, మొత్తం మారదు, పన్ను మారదు, స్టాకు మాత్రం సర్వనాశనం. పాత కొనుగోలు ధరతో పోల్చి చూడమని ఆయనే చెప్పారు, చేశాం. పరీక్షల్లో తప్పినవి ఆయన ముందుకొస్తాయి, మిగతావి ఎక్కిపోతాయి. రెండున్నర గంటల పని నలభై నిమిషాలకి దిగింది.

తర్వాత బాబాయికి ఇంకో కోరిక పుట్టింది. నెల దాటిన బాకీలన్నిటికీ వాట్సాప్‌లో మెసేజి దానంతటదే వెళ్ళిపోవాలన్నాడు. జాబితా తీసి పంతులుగారికి చూపించాను. ఆయన పెన్ను తీసుకుని కొట్టేస్తూ పోయారు. "ఇతని బండి షెడ్డులో ఉంది, రోడ్డెక్కిన రోజున తనే తెచ్చిస్తాడు. ఇతనికి మెసేజి పెడితే రేపట్నుంచి పక్క కొట్టుకెళ్తాడు. ఇదిగో, ఇతని దగ్గరికి మనిషి వెళ్ళాలి, మెసేజికి లొంగడు." ఇందులో ఒక్క ముక్క కూడా ట్యాలీలో లేదు. చివరికి ప్రోగ్రాము జాబితా, మెసేజి తయారుచేసి పెడుతుంది, ఎవరికి పంపాలో ఆయన చూసి మీట నొక్కుతారు.

ఇలా నెల గడిచింది. బాబాయి ఫోన్ చేసి మెచ్చుకుని, కాసేపాగి అడిగాడు. "మరి ఇంక పంతులుగారికి పనేముందిరా?"

బాబాయి దుర్మార్గుడేం కాదు. కొట్టు అద్దె పెరిగింది, ఆన్‌లైన్లో పార్టులు కొనేవాళ్ళు పెరిగారు. లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క పంతులుగారు కూడా వేసుకుంటున్నారని నాకు తెలుసు. ఎందుకంటే ఆయన రోజూ సాయంత్రం నన్ను ఒకటే ప్రశ్న అడిగేవారు. "బాబూ, ఇవాళ నన్నడక్కుండా ఎన్ని బిల్లులెక్కాయి?"

ఈ ప్రశ్న మనకి కొత్తదా చెప్పండి? మనం కూడా కోడ్ అసిస్టెంటు రాసింది చూసుకుంటూ, ఇవాళ నేను ముట్టుకోకుండా ఎంత పని అయిపోయిందా అని లోపల్లోపల లెక్కెట్టుకుంటూనే ఉన్నాం. బేరింగుల మెలిక చెప్పింది పంతులుగారు. ఏ డీలరు బిల్లులో ఏ తిరకాసుంటుందో చెప్పింది ఆయన. మన భాషలో చెప్పాలంటే ఆయన ఏఐకి కేటీ ఇచ్చారు. కేటీ పూర్తయ్యాక ఇచ్చినవాడి సంగతేమవుతుందో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

బాబాయికి నేను చెప్పింది ఇది. "మిగిలిన టైము నీది కాదు బాబాయ్, ఆయనది. ఆయన్ని తీసేస్తే బిల్లులెక్కుతాయి, బాకీలు వసూలవ్వవు. పరీక్షలో తప్పిన బిల్లు చూసి ఇది తప్పని చెప్పేవాడుండడు. నేను హైదరాబాదులో కూర్చుని ఎప్పుడో రాత్రి పదింటికి చూస్తాను, అంతే." బాబాయి ఒప్పుకున్నాడు. ఇప్పుడు పంతులుగారు మధ్యాహ్నాలు బాకీల మీద తిరుగుతున్నారు, వారానికోసారి స్టాకు లెక్కపెడుతున్నారు, తొమ్మిదింటికి బదులు ఏడింటికి ఇంటికెళ్తున్నారు. వసూళ్ళు మెరుగయ్యాయని బాబాయే చెప్పాడు.

జీతం మాత్రం పెరగలేదు. బయట కంపెనీకైతే ఈ పనికి నెలనెలా డబ్బు కట్టేవాడివి కదా, అది ఆయన జీతంలో కలుపు అన్నాను. "చూద్దాంరా" అన్నాడు.

ఇప్పుడు బాబాయికి మెకానిక్కులు పెట్టే వాయిస్ మెసేజీలు కూడా ఏఐ విని ఆర్డరు రాసెయ్యాలని ఉంది. చెయ్యొచ్చు. కానీ ఆటోనగర్లో ఎవరూ క్యాటలాగు భాష మాట్లాడరు. బిల్లులో లీఫ్ స్ప్రింగ్ అని ఉన్నది వాళ్ళకి కమాన్ కట్ట. స్టార్టర్ మోటారుని సెల్ఫ్ అంటారు, ఆల్టర్నేటర్‌ని ఇంకా డైనమో అనేవాళ్ళున్నారు. ఏ మెకానిక్కు ఏ బండికి ఏమంటాడో ఆ నిఘంటువంతా పంతులుగారి తలలోనే ఉంది. అంటే రెండో విడత కేటీ అన్నమాట.

జీతం సంగతి తేలేదాకా ఆ పని ముట్టుకోనని బాబాయికి చెప్పేశాను. మళ్ళీ "చూద్దాంరా" అన్నాడు. చూస్తున్నాం.