ముట్టడిలో ఒక ఇల్లు

అలసిన మనస్సును సేదదీర్చడానికి మానవుడు ఆటలను కల్పించుకొన్నాడు. అయితే ఆడినంతసేపూ మనస్సును కలతపెట్టి, ముగిసిన పిమ్మట కూడా ఆలోచింపజేసే ఆటలు కొన్ని ఉన్నాయి. పోలండ్ దేశపు రాజధాని వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ అటువంటి వీడియో ఆట.

యుద్ధాన్ని చిత్రించే వీడియో ఆటలలో సాధారణంగా ఆటగాడు సైనికుడు; శత్రుసంహారమే అతని విజయం. ఈ ఆటలో అతనిపై పడేది సామాన్య పౌరుల భారం. పొగొరెన్ అనే కల్పిత నగరాన్ని సైన్యం ముట్టడించి ఉంటుంది. శిథిలమైన ఒక ఇంటిలో ఒక వంటవాడు, ఒక విలేకరి, ఒక ఫుట్‌బాల్ క్రీడాకారుడు తలదాచుకొంటారు. యుద్ధం ఆగేవరకు వారిని బ్రతికించుకోవాలి. ఆ దినం ఎప్పుడు వస్తుందో ఆటగాడికి తెలియదు.

పగటివేళ పొంచి ఉన్న తుపాకులకు వెరచి ఎవరూ గడప దాటరు. వాననీరు పట్టి వడకట్టడం, పొయ్యి అమర్చడం, గోడల కన్నాలను పలకలతో మూయడం వంటి పనులతో ప్రొద్దు గడుస్తుంది. చీకటి పడగానే ఒకరు సంచితో బయలుదేరుతారు. సంచి చిన్నది, మందులు నింపితే కట్టెలకు చోటుండదు. శీతకాలంలో పుస్తకం చదివితే మనస్సుకు ఊరట, పొయ్యిలో వేస్తే ఒంటికి వెచ్చదనం. రెండూ కావాలంటే కుదరదు.

ఈ కల్పనకు చరిత్రలో ఆధారం ఉన్నది. బోస్నియా రాజధాని సారాయెవో 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి వరకు ముట్టడిలో మగ్గింది. చుట్టూ ఉన్న కొండలపై నుండి ఫిరంగులు గర్జించాయి. నీటికోసం వరుసలో నిలిచినవారు ప్రాణాలు కోల్పోయారు. ఉద్యానవనాలలోని చెట్లు వంటచెరకయ్యాయి. 1992 ఆగస్టులో అక్కడి జాతీయ గ్రంథాలయం అసంఖ్యాకమైన గ్రంథాలతో సహా దగ్ధమైంది.

ఆటలో ఒకానొక రాత్రి వృద్ధ దంపతుల ఇల్లు ఎదురవుతుంది. వారి వద్ద ఆహారమూ మందులూ ఉన్నాయి. ఎదిరించే శక్తి మాత్రం లేదు. “ఈ ముసలివారు ఎన్నాళ్లు బ్రతుకుతారు? నావారు ఆకలితో ఉన్నారు కదా!” అని ఆటగాడు తనకు తాను నచ్చజెప్పుకొంటాడు. వృద్ధుడు వెనుకనే నడుస్తూ ప్రాధేయపడుతున్నా సంచి నిండుతుంది. తెల్లవారిన తరువాత ఇంటిలో కడుపులు నిండుతాయి, ముఖాలు వాడిపోతాయి. చేసిన పనిని తలచుకొని ఒకరు కుమిలిపోతారు. దిగులు ముదిరితే మంచం దిగరు, చెప్పిన పని చేయరు.

మరొక ఉదయం ఇద్దరు పిల్లలు తలుపు తట్టి, జబ్బుపడిన తల్లికోసం మందు అడుగుతారు. ఉన్న కొద్ది మందును ఇస్తే రేపు తనవారికి కొరత. అయినా ఇచ్చిననాడు ఆ ఇంటిలోని వారి మనస్సు తేలికపడుతుంది. అన్నమూ నీరూ వలె అంతరాత్మ కూడా మనుగడకు అవసరమని ఆట ఈ విధంగా లెక్కకట్టి చూపుతుంది.

వైకుంఠపాళిలో పాము నోట పడినవాడు గవ్వలను నిందించి మళ్లీ నవ్వుతూ ఆడగలడు. ఇక్కడ పతనానికి చాలావరకు తన నిర్ణయమే కారణం. మరణించినవారు ఆ ఆటలో తిరిగి లేవరు. అందుకే ఇంత విషాదం ఉన్నా ఆటగాడు మధ్యలో లేవలేడు. తాను లేస్తే ఆ ఇంటికి దిక్కెవరన్న బాధ్యత అతనిని కట్టిపడేస్తుంది.

2020లో పోలండ్ ప్రభుత్వం ఈ ఆటను విద్యార్థుల అనుబంధ పఠన జాబితాలో చేర్చనున్నట్లు ప్రకటించింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తినప్పుడు, నిర్మాతలు ఒక వారంపాటు ఈ ఆటపై వచ్చిన ఆదాయాన్ని ఉక్రెయిన్ రెడ్‌క్రాస్‌కు అందజేశారు.

అయితే ఆటగాడి ఆకలి నిజమైనది కాదు. మీట నొక్కితే అతని యుద్ధం ఆగిపోతుంది. వంటింటిలో అన్నం సిద్ధంగా ఉంటుంది. సారాయెవో ప్రజలకు ఆ మీట లేదు. కంచం ముందు కూర్చొన్నపుడు ఈ భేదం మనస్సులో మెదిలితే, ఆ ఆట అతనికి ఏదో నేర్పినట్లే.