కూలింది కిరీటమే!

టారో కార్డుల్లో చాలామంది భయపడే బొమ్మ ఒకటుంది. పేరు ‘టవర్’. టవర్ల నీడలో బతికే హైటెక్ సిటీ అమ్మాయి చేతికి అదే వస్తే..?

శనివారం సాయంత్రం. కొండాపూర్‌లో ఒక మాల్. చుడీదార్లు, చెవిదుద్దుల స్టాళ్ల మధ్య చిన్న బల్ల. దాని మీద ఊదారంగు గుడ్డ పరిచి, వరసగా కార్డులు పేర్చారు. ‘ఒకటి తీయండి’ అంది బల్ల వెనకున్నావిడ. స్నేహితురాళ్లు నవ్వుతూ ముందుకు తోశారు. ఆమె ఒకటి తీసి తిప్పి చూసింది. నవ్వు ఆగిపోయింది.

నల్లటి ఆకాశం. బండరాళ్ల గుట్ట మీద ఎత్తైన బురుజు. పిడుగు పడి, దాని నెత్తినున్న బంగారు కిరీటం ఎగిరిపోతోంది. కిటికీల్లోంచి మంటలు. ఇద్దరు మనుషులు తలకిందులుగా పడిపోతున్నారు.

ఆమెకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పదకొండేళ్ల అనుభవం. ఆ ఉద్యోగం పోయి అప్పటికి మూడు వారాలు. భర్తకు తెలుసు. కరీంనగర్ నుంచి వచ్చి తమ దగ్గరే ఉంటున్న తండ్రికి మాత్రం తెలియదు. అందుకే రోజూ ఎనిమిదిన్నరకు టిఫిన్ డబ్బా సర్దుకుని బయల్దేరుతోంది. దుర్గం చెరువు దగ్గర కాఫీ షాపులో ల్యాప్‌టాప్ తెరిచి ఉద్యోగాల వేట. మళ్లీ ఏడింటికి ఇల్లు. ఊరంతా ‘మా బిడ్డ మేనేజరు’ అని చెప్పుకునే మనిషికి ఏమని చెప్పాలి?

పేకాటలో పుట్టింది

నిజానికి టారో మొదట జోస్యం కాదు, పేకాట! పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో కొందరు ఆ బొమ్మల్లో భవిష్యత్తును వెతకడం మొదలుపెట్టారు. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న కార్డులు 1909లో లండన్‌లో అచ్చయ్యాయి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి బొమ్మలు గీసింది. మొత్తం 78 కార్డులు. వాటిలో ముఖ్యమైనవి 22. పదహారో నంబరుది టవర్.

పాత ఫ్రెంచి కార్డుల్లో దీని పేరు ‘దేవుడి ఇల్లు’. బైబిల్లోని బాబెల్ గోపురాన్ని గుర్తుచేస్తుందనీ అంటారు. ఆకాశాన్ని అందుకుందామని కట్టబోయి, మనుషులు మధ్యలోనే వదిలేసిన కట్టడం అది. కార్డులో బురుజంటే మనం ఏళ్ల తరబడి పేర్చుకున్న నమ్మకాలు. కిరీటమంటే హోదా. పిడుగంటే దాచిన నిజం ఒక్కసారిగా బయటపడటం. కింద పడుతున్న ఇద్దరిలో ఒకరి తల మీదా కిరీటముంది. పిడుగుకి రాజూ పేదా తేడా లేదన్నమాట. చుట్టూ రాలుతున్న నిప్పు చుక్కలు లెక్కపెడితే సరిగ్గా 22. ముఖ్యమైన కార్డులూ అన్నే కాబట్టి, కూలేచోట కూడా బతుకంతా మిగిలే ఉంటుందని కొందరు అర్థం చెబుతారు.

బల్ల వెనకున్నావిడ ఇవేవీ చెప్పలేదు. ‘బొమ్మలో మీ చూపు ముందు ఎక్కడికెళ్లింది?’ అని అడిగిందంతే.

‘పడిపోతున్నవాళ్ల మీదికి.’

‘పైన ఎగిరిపోతున్నది చూడలేదా?’

ఆమె మాట్లాడలేదు. ఫోన్‌లో ఆ కార్డును ఫొటో తీసుకుని వచ్చేసింది.

టవర్ల ఊళ్లో...

ఈ బొమ్మ హైటెక్ సిటీలో కాస్త ఎక్కువే గుచ్చుకుంటుంది. అక్కడ వెలసిన మొదటి పెద్ద కట్టడం పేరే సైబర్ టవర్స్. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత టవర్లు పెరిగాయి, పిడుగులూ పడ్డాయి. 2009 జనవరి 7న లెక్కలన్నీ తారుమారు చేశామంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసిన రోజు వేల ఇళ్లలో పొయ్యి మీద పాలు పొంగినా చూసే ధ్యాస లేదు. ఏప్రిల్‌కల్లా ఆ సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. పేరు పోయింది కానీ, పని తెలిసినవాళ్లు చాలామంది నిలదొక్కుకున్నారు.

2023 సెప్టెంబరులో మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో రెండు భవనాలు పేలుడు పదార్థాలతో క్షణాల్లో నేలమట్టమయ్యాయి. అది ప్రమాదం కాదు. ఆ స్థలంలో కొత్తవి కట్టడానికి యాజమాన్యమే కావాలని కూల్పించింది!

ఈ టవర్లన్నీ నిలబడింది మాత్రం దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి బండరాళ్ల మీద.

బాపు చూసిన బొమ్మ

ఆదివారం ఉదయం. తండ్రి పేపరు చదువుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని ఫోన్ చూపించింది.

‘ఏంది బిడ్డా ఇది?’

‘జోస్యం బొమ్మ బాపూ.’

‘వేములవాడ జాతరల చిలక తీస్తది, గసొంటిదేనా?’ నవ్వాడాయన. ‘కార్డు చిలకే తీస్తది. జోస్యం చెప్పేటోడు చదివేది మాత్రం మన మొఖాన్నే.’

అప్పుడు చూశాడు ఆమె ముఖాన్ని. ఇక దాచలేకపోయింది. ‘నా ఉద్యోగం పోయింది బాపూ.’

కాసేపు ఫ్యాను చప్పుడే. ఆయన మళ్లీ ఫోన్ అందుకుని బొమ్మను పెద్దది చేశాడు. గ్రానైటు క్వారీలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసిన మనిషి. ఆ కళ్లు ముందు రాయినే చూస్తాయి.

‘కిందున్న బండను చూసినవా? మీద ఇంత జరిగినా దానికేం కాలే.’

ఆమె నిజంగానే చూడలేదు. శనివారం నుంచి ఎన్నిసార్లు చూసినా కనపడని బండ అప్పుడు కనిపించింది. ఇంతలో ఆయనే గొంతు తగ్గించి అడిగాడు.

‘మూడు వారాల సంది... డబ్బా ఏడ తిన్నవు బిడ్డా?’

అప్పుడు ఏడ్చింది, ఉద్యోగం పోయిన రోజు కూడా రాని ఏడుపు.

టారోలో టవర్ తర్వాతి కార్డు ‘స్టార్’. నక్షత్రాల కింద ఒక స్త్రీ మోకాలి మీద కూర్చుని రెండు కూజాలతో నీళ్లు పోస్తుంటుంది, ఒకటి కొలనులోకి, ఒకటి నేల మీదికి. ఆమె తల మీద కిరీటం ఉండదు.

కొత్త ఉద్యోగం ఇంకా రాలేదు. సోమవారం ఎనిమిదిన్నరకు మాత్రం ఆమె డబ్బా సర్దుకోలేదు. తండ్రి ఎదురుగా కూర్చుని, ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని, వేడివేడిగా ఇంట్లోనే తింది.