జాంబేజీ ఒడ్డున రెండు రాత్రులు

ప్రత్యక్ష గుడారము గురించి పదిహేనేళ్ళుగా సంఘంలో బోధిస్తున్నాను. తెరలెన్ని, పలకలెన్ని, దిమ్మలెన్ని అని ఎవరడిగినా తడుముకోకుండా చెప్పగలను. కాని ఒక గుడారాన్ని నా చేతులతో వేయవలసి వచ్చిననాడు రెండు మేకులు దిగగొట్టేసరికే చెమటలు పట్టాయి. అది 2018 సెప్టెంబరు. ఆ స్థలం జింబాబ్వే దేశంలో, జాంబేజీ నది ఒడ్డునున్న మానా పూల్స్ అభయారణ్యం.

మా సంఘంలో పెరిగిన ఒక సహోదరుడు హరారేలో ఉద్యోగం చేస్తున్నాడు. కూడికల నిమిత్తం వెళ్ళిన నన్ను, "అయ్యగారూ, ఇంత దూరం వచ్చి అడవి చూడకుండా వెళ్తారా?" అని బలవంతపెట్టి బయలుదేరదీశాడు. సుమారు 400 కిలోమీటర్ల ప్రయాణం. మకూటి అనే ఊరు దాటాక ఎత్తయిన కొండల మీదనుండి రోడ్డు మలుపులు తిరుగుతూ లోయలోకి దిగుతుంది. ఘాట్ రోడ్డంటే నాకు చిన్నప్పటినుండి కడుపులో తిప్పుతుంది. అందుకని సంచిలో రెండు నిమ్మకాయలు వేసికొని, వాసన చూచుకుంటూ దిగాను. ఈ నిమ్మకాయలను కాస్త గుర్తుంచుకోండి.

తారురోడ్డు విడిచాక దుమ్ము, గతుకులు, వాటితోపాటు ట్సెట్సీ ఈగలు. చొక్కా మీదనుండే కుడతాయి! గేటు దగ్గర ఉద్యోగి కాగితాలు చూచి, "నారింజ, నిమ్మ జాతి పండ్లేమైనా తెచ్చారా?" అని అడిగాడు. సహోదరుడు లేవన్నాడు. నేను చెట్టుక్రింద మోకాళ్ళ మీద వంగి గడ్డి మేస్తున్న అడవిపందిని చూస్తూ, వినీ విననట్టు తల ఊపాను.

షోనా భాషలో మానా అంటే నాలుగు. పూర్వం నది పారి విడిచిపెట్టిన దారిలో నిలిచిన నాలుగు పెద్ద మడుగులను బట్టి ఆ పేరు వచ్చింది. 2,196 చదరపు కిలోమీటర్ల ఈ అడవిని, ప్రక్కనున్న సాపి, చెవోరె అడవులతో కలిపి 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మేము దిగిన చోటును న్యామేపి అంటారు. కట్టెలతో వంట చేసికొనే పొయ్యిలు, స్నానాల గదులు ఉన్నాయి. లేనిదల్లా కంచె. నది ఒడ్డున గుడారం వేసికొని, చీకటి పడ్డాక అందులో దూరి జిప్పు లాగుకొనవలెను, అంతే. ఎదుట నది, నదికి ఆవల జాంబియా దేశపు కొండలు. నీళ్ళు చూస్తే దిగి స్నానం చేయాలనిపిస్తుంది గాని మొసళ్ళుంటాయి గనుక ఎవరూ దిగరు.

మొదటి రాత్రి ప్రార్థన చేసికొని పడుకున్నాము. అర్ధరాత్రి నా తలవైపున, గుడ్డకు అవతల, ఎవరో గడ్డి పీకుతున్న చప్పుడు. పరపరమని పీకడం, నమలడం, బరువైన ఊపిరి. నీటిగుర్రం! పగలంతా నీళ్ళలో ఉండి రాత్రి మేతకు ఒడ్డెక్కుతుంది. యోబు గ్రంథం 40వ అధ్యాయం ఎన్నిసార్లు బోధించానో! అది గడ్డి మేస్తుందని అక్కడ చెప్పబడిన మాటను మాత్రం ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. ఆ రాత్రి అరగంటసేపు కదలకుండా ఆలోచించాను.

మరునాడు ఉదయం ఒక గైడు వెంట నడిచాము. ఇక్కడి అందమంతా ఒక చెట్టుది. ఆనా చెట్టంటారు, మన తుమ్మకు దూరపు చుట్టం. వానాకాలంలో ఆకు రాల్చి ఎండాకాలంలో పచ్చగా ఉంటుంది. అడవంతా మాడినప్పుడు దీని నీడ, దీని కాయలే జంతువులకు ఆధారం. కాయలు సీమచింతకాయల్లా మెలితిరిగి ఉంటాయి. కొన్ని మగ ఏనుగులు వెనుకకాళ్ళ మీద నిలబడి కొమ్మలందుకుంటాయని విని నమ్మలేదు. కళ్ళారా చూచి కూడా నమ్మడానికి కొంతసేపు పట్టింది.

అయితే ఎటు చూచినా ముసలి చెట్లే ఎక్కువ, లేత మొక్కలు అరుదు. నదికి పైన 1959లో కరీబా ఆనకట్ట పూర్తయింది. దానికోసం సుమారు 57,000 మంది టోంగా ప్రజలు ఊళ్ళు విడిచిపెట్టారు. మన సాగర్, శ్రీశైలం ముంపు గ్రామాల వారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు. అంతకు ముందు ఏటేటా వరద వచ్చి ఒండ్రు పరచేది, ఇప్పుడది తగ్గింది. దిగువన ముపాటా దగ్గర ఇంకొక ఆనకట్ట కట్టాలనుకున్నారు. కట్టివుంటే మేము నిలబడ్డ చోటు నీళ్ళక్రింద ఉండేది. 1980ల ఆరంభంలో జనం గట్టిగా అభ్యంతరపెట్టగా అది ఆగిపోయింది.

రెండవ రాత్రి చలి వేసింది. శాలువా కోసం కారులోనుండి నా సంచి గుడారంలోకి తెచ్చుకొని దానిమీదే తల పెట్టుకొని పడుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి గుడారం మీద వెన్నెల లేదు, పెద్ద నీడ ఉన్నది. అడుగుల చప్పుడేమీ లేదు. అంత బరువైన జంతువు అంత మెత్తగా నడుస్తుందని నేననుకోలేదు. తొండం గుడ్డను నిమురుతూ, గాలి పీలుస్తూ, క్రింది నుండి పైకి, పైనుండి నా తల ఉన్న వైపుకు వచ్చింది. అప్పుడు గుర్తుకొచ్చాయి నిమ్మకాయలు.

బయట పారవేయలేను, మింగలేను. సంచిని కడుపుక్రింద పెట్టుకొని బోర్లా పడుకున్నాను. ఎంతసేపో తెలియదు. పైన చెట్టునుండి కాయలు రాలిన చప్పుడైంది. తొండం వెనక్కు వెళ్ళింది. కాయలు నమిలే చప్పుడు మెల్లగా దూరమైంది.

తెల్లవారాక సహోదరునితో చెప్పాను. "అయ్యగారూ!" అన్నాడు, అంతకంటె ఏమీ అనలేదు. ఇద్దరం వెళ్ళి అటవీ ఉద్యోగికి నిమ్మకాయలు అప్పగించాము. నేను ప్రాణభయంతో పడిన పాట్లు చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపాడు.

"మీ సంగతి కాదండి. ఏనుగు ఒక్కసారి ఈ రుచి మరిగితే ఇక గుడారాలు, కార్లు చీలుస్తుంది. మనుషులకు ప్రమాదమని చివరికి దానిని కాల్చక తప్పదు. అలా కాల్చినవి ఉన్నాయి. ఈ నిబంధన ఏనుగు కోసం పెట్టినది."

గేటు దగ్గర ఊపిన తల నాకు గుర్తుకొచ్చింది. ఆయనను క్షమించమని అడిగాను. ఆయన నవ్వి, కాయలను జేబులో వేసికొని, మేము వేసిన గుడారం చుట్టూ తిరిగి జాడలు చూచాడు. మగ ఏనుగేనన్నాడు. ఉదయం అది నదిలోని దీవికి దాటిందట. మేము సామాను సర్దుతుండగా కూడా అక్కడే నిలబడి గడ్డి పీకి, మన్ను దులుపుకొని తింటూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నా కోసం కారు రెండుసార్లు ఆపవలసి వచ్చింది.