ఈగ రెక్కలు

కంటి విభాగంలో ఒక పరీక్ష పుస్తకం ఉంటుంది. దాన్లో పేజీ నిండా ఈగ బొమ్మ. టిట్మస్ ఫ్లై అంటారు. పోలరాయిడ్ అద్దాలు పెట్టుకుని చూస్తే ఈగ రెక్కలు కాగితం మీంచి పైకి లేచి కనబడతాయట. రెక్క పట్టుకోమంటే రెండు కళ్లూ కలిసి పనిచేసేవాళ్లు గాల్లోనే వేళ్లు ముడుస్తారు. నా వేళ్లు నేరుగా కాగితానికి తగిలాయి.

అప్పుడు ఎంబీబీఎస్‌లో ఉన్నాను. తోటి విద్యార్థులం ఒకరి చూపు ఒకరం చూసుకుంటుంటే బయటపడింది. కుడి కన్ను 6/6, ఎడమది 6/36. అద్దాలు వేసినా పెద్ద తేడా రాలేదు. ఆ ఒక్క కంటికే ప్లస్ ఐదు పవర్. మసక బొమ్మ పంపే కంటిని మెదడు చిన్నప్పుడే పక్కన పెట్టేస్తుంది. లేజీ ఐ అంటాం. ఏడెనిమిదేళ్ల లోపు అద్దాలిచ్చి, బాగున్న కంటికి ప్యాచ్ కడితే చాలావరకు దారికొస్తుంది. పెద్దారవీడు బడిలో నేను చదివిన రోజుల్లో మా కళ్లు చూసినవాళ్లు లేరు. ఒక కన్ను బాగుంటే బోర్డు కనబడుతుంది కాబట్టి నాకూ అనుమానం రాలేదు. ఆటలో క్యాచ్‌లు మాత్రం వదిలేసేవాణ్ణి. "చేతులకు ఆముదం పూసుకొచ్చినావేందిరా" అని తిట్టేవాళ్లు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దానికి కారణం మా అవ్వ. రెండు కళ్లలో శుక్లాలు ముదిరి తెల్లగా పువ్వు పూసినట్టుండేవి. వానలు పడనీ, పంట చేతికి రానీ, ఒంగోలు తీసకపోదాం అనేవాడు నాయన. మా వైపు వానల మీద వాయిదా వేశామంటే ఇక ఆ పని లేనట్టే. చూపు లేకుండానే పోయింది అవ్వ. శుక్లాలు తీయడం చెయ్యి తిరిగినవాళ్లకు పావుగంట ఆపరేషన్ అని తరగతిలో విన్న రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు. చేస్తే ఆ ఆపరేషనే చెయ్యాలనుకున్నాను.

ఎం.ఎస్. ఆఫ్తాల్మాలజీలో సీటు వచ్చింది. ఒకసారి జూనియర్లు సరదాగా ఈగ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. గాల్లో వేళ్లు ముడిచాను. ఎంత ఎత్తులో ముడవాలో అప్పటికే పక్కవాళ్లను చూసి నేర్చుకున్నాను.

ఆపరేషన్ మైక్రోస్కోపుకు రెండు ఐపీస్‌లుంటాయి. లోతు తెలియడానికే రెండు. నాకు ఒకటున్నా చాలు, రెండోది అలంకారం. తెల్లవారుజామున మాంసం కొట్టు నుంచి మేక కళ్లు తెచ్చుకుని, థర్మోకోల్‌లో గుచ్చి సాధన చేసేవాణ్ణి. పరికరం నీడను బట్టి, వెలుగు మెరిసే చోటును బట్టి లోతు అంచనా కట్టేవాణ్ణి. మా నాయన మార్కాపురం పలకల క్వారీలో రాయి చీల్చేవాడు. ఉలి పెట్టి తట్టి పొరలు విడదీస్తూ, "చూపుతో గాదురా, బొటనవేలికి తెలుస్తాది" అనేవాడు. ఆ మాట నమ్ముకున్నాను. కానీ కంటి లోపల బొటనవేలికి ఏమీ తెలియదు. శుక్లం తీశాక మిగిలే వెనక పొర మందం మిల్లీమీటరులో సుమారు 250వ వంతు. చేతికి తగిలేలోపే చిరుగుతుంది.

చిరిగింది కూడా. ఒక ముసలామె కన్ను అది. శుక్లం గింజ చక్కగా బయటికొచ్చింది. మిగిలిన మెత్తటి పదార్థాన్ని సిమ్కో క్యాన్యులాతో లాగుతున్నాను. పొర ఇంకా కిందుందనుకున్నాను. లేదు. నల్లటి గుండ్రటి సందు కనబడింది. వెనకున్న విట్రియస్ జెల్లీ పైకొచ్చింది. పక్కనున్న సీనియర్ మేడమ్ ఒక్క మాట అనకుండా నా స్టూలు మీదికి మారి, జెల్లీ శుభ్రం చేసి, లెన్సు నిలబెట్టారు. ఆమెకు చూపొచ్చింది, రావలసినంత కాదు. డిశ్చార్జి రోజు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నువ్వే గదా నాయనా చేసింది, సల్లగుండు" అంది. కొత్తగా నేర్చుకునే ఎవరి చేతిలోనైనా పొర చిరగొచ్చు, నిజమే. కానీ నేను దాచిపెట్టి కూర్చున్నాను.

ఆ సాయంత్రం మేడమ్‌కు చెప్పేశాను. ఆవిడ కోప్పడితే బాగుండేది. ఈగ పుస్తకం తెప్పించి, "నిజంగా చెయ్యి" అన్నారు. వేళ్లు కాగితానికి తగిలాయి. లోతు సరిగా తెలియకపోయినా సాధనతో ఆపరేషన్లు చేసే సర్జన్లున్నారని, తేల్చుకోవాల్సింది నేనేనని అన్నారు. మూడు రోజులు నిద్ర లేదు. డిగ్రీ పూర్తి చేశాను, కానీ సొంతంగా కత్తి పట్టకూడదని నిర్ణయించుకున్నాను.

నాయనకు ఫోన్ చేశా. "అయితే డాక్టరువి గావా మరి?" అన్నాడు. డాక్టర్నే, కోత పని చెయ్యనన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను పలకల రాయి కొట్టినా గదా ఇన్నేండ్లు. రాయడం వచ్చిందా నాకు?" అన్నాడు. ఓదార్పో, ఎత్తిపొడుపో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఓపీ చూస్తాను, ఎక్కువగా పిల్లలను. 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు ముందు బడిపిల్లల కళ్లే చూశారు. అది మంచి పని. కానీ ఐదో తరగతిలో దొరికే లేజీ ఐ ఆలస్యంగా దొరికినట్టే.

మీ ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే ఈరోజే ఒక కన్ను అరచేత్తో మూసి గోడమీది క్యాలెండర్ బొమ్మ చూపించండి. తర్వాత రెండోది మూయండి. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే మీ చెయ్యి తోసేసి ఏడిస్తే మొండితనం అనుకోకండి. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏడేళ్లు నిండకముందే వెళ్లండి. వానలు పడేదాకా ఆగొద్దు.