జపాన్‌ మెచ్చని పెట్టె

మొయినాబాద్‌ మండలం చిలుకూరులో ఏ ఆదివారం చూసినా ఒకటే సందడి. చేతిలో అంకెలు అచ్చేసిన కాగితం, ప్రదక్షిణకో టిక్కు. కోరిక కోరుకోవడానికి 11, తీరాక 108. తిరిగేవాళ్లలో కుర్రకారే ఎక్కువ. వాళ్లలో చాలామంది కోరేది అమెరికా వీసానే. అందుకే బాలాజీకి ‘వీసా బాలాజీ’ అని పేరొచ్చింది. అలా సముద్రాలు దాటిన తెలుగువాళ్లలో ఎందరో మైక్రోసాఫ్ట్‌లో ఉన్నారు. 2014 నుంచీ ఆ కంపెనీ పెద్ద కుర్చీలో ఉన్నదీ హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్లే. మనుషుల సంగతి సరే... ఆ కంపెనీ తయారుచేసిన ఒక పెట్టెకి మాత్రం ఒక దేశం గుమ్మం ఇరవయ్యేళ్లు దాటినా సరిగ్గా తెరుచుకోలేదు. పెట్టె పేరు ఎక్స్‌బాక్స్‌. దేశం జపాన్‌!

మొదటి ప్రదక్షిణ 2002 ఫిబ్రవరి 22న. టోక్యోలోని షిబుయాలో బిల్‌ గేట్స్‌ స్వయంగా నిలబడి మొదటి పెట్టెను కొన్నవాళ్ల చేతిలో పెట్టాడు. ధర 34,800 యెన్‌లు. అంతకు మూడు నెలల ముందే అమెరికాలో అమ్మకాలు అదిరిపోయాయి. ఇంకేం, ఇక్కడా అంతే అనుకున్నారు. కానీ కొద్ది వారాలకే ‘డిస్కుల మీద గీతలు పడుతున్నాయి’ అని ఫిర్యాదులు మొదలయ్యాయి. కంపెనీ బాగుచేసి ఇస్తామంది. జపాన్‌లో వస్తువు మీద ఒకసారి అనుమానం వస్తే పోగొట్టడం మాటలా! పైగా పెట్టె పెద్దది, ఇళ్లేమో చిన్నవి. అమెరికాలో ఇచ్చిన కంట్రోలర్‌ రెండు చేతులకీ చాలనంత ఉండేది. జపాన్‌వాళ్ల కోసం ప్రత్యేకంగా చిన్నది చేశారు. విచిత్రమేమిటంటే, ఆ చిన్నదే అందరికీ నచ్చి చివరికి అమెరికాలోనూ పెద్దదాని స్థానంలోకి వచ్చేసింది. జపాన్‌ కోసం చేసిన వస్తువు గెలిచింది, జపాన్‌లోనే గెలవలేదు.

పేరులోనే దోషం ఉందనేవాళ్లూ లేకపోలేదు. జపాన్‌ బళ్లలో జవాబు కరెక్టయితే సున్నా చుడతారు, తప్పయితే ఇంటూ మార్కు కొడతారు. మరి పెట్టె పేరే ‘ఎక్స్‌’తో మొదలాయె! సరదాకి చెప్పుకోవచ్చు గానీ దానికంత బరువు వెయ్యనక్కర్లేదు.

అసలు కథ ఆటలది. జపాన్‌లో కన్సోల్‌ కొనేది పెట్టె కోసం కాదు. ‘డ్రాగన్‌ క్వెస్ట్‌’ కోసం, ‘ఫైనల్‌ ఫాంటసీ’ కోసం. అప్పట్లో అవి రెండూ సోనీ ప్లేస్టేషన్‌ మీద ఉన్నాయి. ఎక్స్‌బాక్స్‌ తెచ్చిన గొప్ప ఆటల్లో తుపాకుల మోతే ఎక్కువ. పెట్టెలు అమ్ముడుపోకపోతే జపాన్‌ కంపెనీలు దానికి ఆటలు చెయ్యవు. ఆటలు లేకపోతే పెట్టెలు అమ్ముడుపోవు.

చేవెళ్ల, మొయినాబాద్‌ పూల రైతుకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బంతి, చామంతి, గులాబీ, పాలీహౌస్‌లో జెర్బెరా... అన్నీ పండించే నేల అది. పెళ్లి మండపానికైతే జెర్బెరా కళ్లకద్దుకుని కొంటారు. అదే బతుకమ్మ పండగనాడు ఎంత ఖరీదైన జెర్బెరా పట్టుకెళ్లినా ఏం లాభం? బతుకమ్మను పేర్చేది తంగేడు, గునుగు, బంతిపూలతో. పువ్వులో లోపం లేదు. పండగ వేరు.

మొదటి ఎక్స్‌బాక్స్‌ ప్రపంచం మొత్తమ్మీద రెండు కోట్ల నలభై లక్షల దాకా అమ్ముడైతే, జపాన్‌ వాటా అయిదు లక్షల్లోపే.

రెండో ప్రదక్షిణకి కంపెనీ బుద్ధి తెచ్చుకుంది. 2005 డిసెంబరు 10న ఎక్స్‌బాక్స్‌ 360ని దింపింది. ‘ఫైనల్‌ ఫాంటసీ’ సృష్టికర్త సకగుచినే పిలిచి ఆట చేయించింది. బొమ్మలు గీసింది ‘డ్రాగన్‌ బాల్‌’ తొరియామా. ఆ ఆట ‘బ్లూ డ్రాగన్‌’ 2006 డిసెంబరులో వచ్చింది. 2008 ఆగస్టులో ‘టేల్స్‌ ఆఫ్‌ వెస్పీరియా’ విడుదలైనప్పుడైతే దుకాణాల్లో పెట్టెలు దొరక్క జనం వెనుదిరిగారు. పువ్వు సరైనదైతే జపాన్‌ కొంటుందని తేలిపోయింది. కానీ ఏడాది తిరిగేసరికి అదే ఆట మరిన్ని హంగులతో సోనీ పెట్టె మీదికి వెళ్లిపోయింది! మొత్తానికి జపాన్‌లో 360 లెక్క 16 లక్షల దగ్గర ఆగింది.

అక్కడ పట్టు బిగించాల్సిన కంపెనీ మూడోసారి అసలు జపాన్‌నే మర్చిపోయినట్టు చేసింది. మిగతా దేశాల్లో 2013 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్‌ వన్‌ టోక్యో చేరింది 2014 సెప్టెంబరు 4న. పది నెలలు ఆలస్యంగా వచ్చిన చుట్టానికి ఏం మర్యాద దొరుకుతుంది? మొదటి నాలుగు రోజుల్లో అమ్ముడైనవి 24 వేలకు లోపు. ఆ ఏడాదే ఫిబ్రవరిలో ప్లేస్టేషన్‌ 4 రెండే రోజుల్లో 3 లక్షలు దాటింది.

నాలుగోసారి ఆ తప్పు చెయ్యలేదు. 2020 నవంబరు 10న ప్రపంచంతోపాటే జపాన్‌లోనూ అమ్మకం మొదలుపెట్టారు. మూడోదాని కన్నా నయం... అంతే. 2023లో అమెరికా సెనేటర్‌ మరియా కాంట్‌వెల్‌ జపాన్‌ హైఎండ్‌ గేమింగ్‌ మార్కెట్లో 98 శాతం సోనీదేనని ఎత్తిచూపారు. ఆ జూన్‌లో నాదెళ్ల కోర్టులో సాక్ష్యం చెబుతూ, ఫలానా ఆట ఫలానా పెట్టెకే అనే పద్ధతి తనకిష్టం లేదనీ, ఆ పోటీకి నియమాలు పెట్టింది సోనీయేననీ అన్నారు. అందులో నిజముంది. కానీ గీతలు పడ్డ డిస్కులూ, పది నెలల ఆలస్యమూ సోనీ చేసినవి కావు. పైగా జపాన్‌లో సోనీకే దడ పుట్టించింది నింటెండో. చేత్తో పట్టుకుని ఎక్కడైనా ఆడుకోగల ‘స్విచ్‌’ 2017లో వచ్చి, ఒక్క జపాన్‌లోనే 3 కోట్లు దాటింది.

మనదేశంలో కన్సోళ్ల కథ ఇంకా చిన్నది. ఎక్స్‌బాక్స్‌ 360 ఇక్కడికి 2006 సెప్టెంబరులో అక్షయ్‌కుమార్‌, యువరాజ్‌సింగ్‌ల ప్రచారంతో వచ్చింది. 2009లో హైదరాబాద్‌ కంపెనీ అరోనా టెక్నాలజీస్‌ ప్లేస్టేషన్‌ 2 కోసం ‘హనుమాన్‌: బాయ్‌ వారియర్‌’ చేసింది. చివరికి గెలిచింది జేబులో ఫోను. చేవెళ్లలో పిల్లాణ్ని ‘గేమ్‌ ఆడుతున్నావా?’ అని అడిగితే వాడు చూసేది టీవీ వైపు కాదు. 2020లో నిషేధం పడ్డ పబ్‌జీకి బదులుగా 2021లో అదే కొరియా కంపెనీ క్రాఫ్టన్‌ ‘బ్యాటిల్‌గ్రౌండ్స్‌ మొబైల్‌ ఇండియా’ను తెచ్చింది.

ఆ క్రాఫ్టన్‌ పేరు టోక్యోలోనూ వినబడింది. మైక్రోసాఫ్ట్‌ 2021లో కొన్న కంపెనీతోపాటు టాంగో గేమ్‌వర్క్స్‌ అనే టోక్యో స్టూడియో కూడా చేతికొచ్చింది. దాని ఆట ‘హై-ఫై రష్‌’ను 2023లో అందరూ మెచ్చుకున్నారు. జపాన్‌ మట్టిలోనే పూసిన పువ్వు అది, ఎక్స్‌బాక్స్‌ సొంత తోటలో. 2024 మేలో మైక్రోసాఫ్ట్‌ ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించింది. మూడు నెలలకి క్రాఫ్టన్‌ వచ్చి దాన్నీ, ‘హై-ఫై రష్‌’నూ తీసుకుంది.