పాత కారు – కొత్త గొంతు

మోటారు కారులో పాట వినడం ఒకప్పుడు సంపన్నుల విలాసం. అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ 1930లో కారులో అమర్చదగిన రేడియోను 'మోటొరోలా' అనే పేరుతో విపణిలోకి తెచ్చిన నాడు, దానిని బిగించడం ఒక రోజుతో తెమిలే పని కాదు. 1963లో ఫిలిప్స్ సంస్థ అరచేతిలో ఇమిడే క్యాసెట్టును ప్రపంచానికి పరిచయం చేసిన తరువాతనే పాట ప్రయాణికుని ఇష్టానికి లోబడింది. మన ప్రాంతంలో లారీలూ, టాక్సీలూ ముందుగా పాడాయి. సొంత కార్లు ఆ తరువాత పాడాయి. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన పిదప మధ్యతరగతి కుటుంబానికి కూడా ఆ భాగ్యం దక్కింది. 2014లో ఆ కారు ఉత్పత్తి ఆగిపోయినా, చిన్న పట్టణాలలో అది నేటికీ అక్కడక్కడ కనిపిస్తూనే ఉంటుంది. వాటిలో చాలావాటి ఇంజన్లు బాగానే నడుస్తాయి. మూగపోయినవి వాటి గొంతులే.

హనుమకొండలో ఒక కుటుంబానికి అటువంటి కారు ఉండేది. 1997లో తయారైన ఆ బండిని ఇంటి యజమాని 2003లో మూడవ చేతిగా కొన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు బస్సు నడిపి, 2018లో పదవీ విరమణ చేసిన డ్రైవరు. బండికి రిజిస్ట్రేషను గడువు రెండుసార్లు పొడిగించుకున్నాడే గాని, అందులోని టేపురికార్డరు పాడైపోతే పట్టించుకోలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన మాట్లాడేవాడు కాదు. పక్కన కూర్చున్నవారు ఏదైనా అడిగితే తల ఊపేవాడు, లేదా అదీ లేదు. తండ్రికి సంగీతమన్నా, సంభాషణ అన్నా ఆసక్తి లేదని చిన్న కుమారుడు చిన్ననాటి నుండి నమ్మాడు.

2019 వేసవిలో ఆ కుమారుడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు వ్రాసి ఖాళీగా ఉన్నాడు. పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన ఆరువేల రూపాయలు చేతిలో ఉన్నాయి. కారుకు కొత్త స్టీరియో తానే బిగిస్తానన్నాడు. తల్లి వద్దన్నది. తండ్రి మాత్రం, "బ్యాటరీ వైరు తీసినంకనే చెయ్యి పెట్టు" అని ఒక్క మాటతో అనుమతి ఇచ్చాడు.

హైదరాబాదులో ఎలక్ట్రానిక్ సామాను కొనదలచినవారు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవడం పరిపాటి. అతడు కాజీపేటలో రైలెక్కి అక్కడికే పోయాడు. దుకాణదారు ఒక పెట్టెను ముందుంచి, "తమ్మీ, ఇది ఒక్కో స్పీకరుకు 50 వాట్లు ఇస్తది, నాలుగు కలిపితే 200" అన్నాడు. పెట్టె మీద కూడా అదే ముద్రించి ఉంది. భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి ఆ అంకెను కొంచెం అనుమానించవలసింది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులోని విద్యుత్ పీడనం సుమారు 14 వోల్టులు. స్పీకరుకు అందే తరంగపు శిఖరం అంతకు మించదు. కనుక దాని ప్రభావిక విలువ సుమారు 10 వోల్టులు. కారు స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓములు. పదిని వర్గం చేసి నాలుగుతో భాగిస్తే వచ్చేది 25 వాట్లు. యంత్రంలోని నష్టాలు పోగా నికరంగా మిగిలేది 20కి అటూఇటూ. పెట్టె మీది 50 అన్నది క్షణకాలపు గరిష్ఠ విలువ. అబద్ధమని అనలేము గాని, దానిని నిజమని కొనేవాడే నష్టపోతాడు. అయినా ఆ చిన్న కారు గదికి 20 వాట్లే ఎక్కువ. అతడు ఈ లెక్కను తిరుగు ప్రయాణంలో రైలులో చేసుకున్నాడు. అప్పటికే అంకెలకు లొంగి స్టీరియోతోబాటు వెనుక పలకకు కోడిగుడ్డు ఆకారంలో ఉండే 6 బై 9 అంగుళాల స్పీకర్ల జత, ముందు భాగానికి 4 అంగుళాల జత కొనేశాడు. మిగిలినది రైలు ఖర్చుకు, రెండు మీటర్ల వైరుకు సరిపోయింది.

మరునాడు ఉదయం బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీసి, డాష్‌బోర్డు నుండి పాత యంత్రాన్ని బయటకు లాగాడు. దాని వెనుక కనిపించిన దృశ్యం అతనిని కాసేపు నిలబెట్టివేసింది. ఇద్దరు పాత యజమానులూ, వారి మెకానిక్కులూ కలిసి వేసిన ముడులన్నీ అక్కడ ఉన్నాయి. ఎండకు కరిగి జిగురైన టేపు, పురి పెట్టి వదిలేసిన రాగి పోగులు, ఎక్కడికి పోతుందో తెలియని ఒక నీలి తీగ. కొత్త స్టీరియోకు పసుపు తీగ నిత్యం విద్యుత్తు అందుకునేది, ఎరుపు తాళం తిప్పినప్పుడు మాత్రమే అందుకునేది, నలుపు ఎర్తు. కాని పాత బండిలోని తీగలు ఆ రంగుల నియమాన్ని పాటించవు. రంగును నమ్మి కలిపినవాడు ఉదయానికి బ్యాటరీ దిగిపోయిన బండిని తోసుకోవలసి వస్తుంది. అందువల్ల ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి, బ్యాటరీని తాత్కాలికంగా కలిపి, తాళం తిప్పి ఒకసారి, తిప్పక ఒకసారి ప్రతి తీగనూ పరీక్షించాడు. పసుపుకు, ఎరుపుకు జంట తీగలు దొరికాయి.

బ్యాటరీ తీగను మళ్లీ ఊడదీయడం మాత్రం మరచిపోయాడు. చేతిలోని తీగ జారి బండి ఇనుప ఒంటికి తగిలింది. చిటుక్కున ఒక మెరుపు. లోపలి దీపం ఆరిపోయింది. అతని ముఖం పాలిపోయింది. వరండాలో కూర్చున్న తండ్రి తాపీగా లేచి వచ్చి, ఫ్యూజుల పెట్టె మూత తీసి, ఒకదానిని పీకి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఫ్యూజు పోయిందంటే బండి బతికిందన్నట్టు" అన్నాడు.

ఆ మాట వెనుక ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. అదే పెట్టెలో ఇంకొక ఫ్యూజు చుట్టూ పూర్వపు యజమాని ఎవరో రాగి పోగు చుట్టి ఉంచారు. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని విసిగి చేసిన పని అది. ఫ్యూజు కాపాడేది స్టీరియోను కాదు, తీగను. తీగ భరించగల విద్యుత్తును మించి ప్రవహిస్తే ముందుగా తాను కరిగిపోతుంది. దానికి రాగి కడితే కరిగేది తీగ మీది తొడుగు, ఆ తరువాత అంటుకునేది సీటు. తండ్రి ఆ పోగును విప్పి జేబులో వేసుకున్నాడు. బజారు నుండి సరైన ఫ్యూజులు రెండు తెచ్చి ఇచ్చాడు. స్పీకర్ల కోసం వేలకు వేలు పెట్టి, కొన్ని రూపాయల ఫ్యూజు దగ్గర పొదుపు చేసేవారు ఎందరో!

వెనుక పలక నానిన అట్టలా మెత్తబడి ఉంది. దానికే బిగిస్తే స్పీకరుతోబాటు పలక కూడా ఊగి, ధ్వని పేలవమవుతుంది. పైగా స్పీకరు ముందుకు ఒక అల, వెనుకకు దానికి వ్యతిరేకమైన అల పంపుతుంది. ఆ రెండింటికీ నడుమ గట్టి గోడ లేకపోతే తగ్గు స్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి. వడ్రంగి దగ్గర అర అంగుళం ప్లైవుడ్డు పలకను కోయించి అమర్చాడు. స్పీకరు చివరలలో ఏది ధన, ఏది ఋణ అన్న సందేహం కలిగితే గోడగడియారంలోని ఒకటిన్నర వోల్టు సెల్లు చాలు. దానిని క్షణకాలం తాకిస్తే కోను ముందుకు వచ్చినప్పుడు ధన ధ్రువం తాకినదే ధన చివర. ఒక స్పీకరు తిరగబడినా పాటలో బరువు మాయమవుతుంది; కారణం తెలియనివారు స్పీకరునే తిడతారు.

సాయంకాలానికి పాట వచ్చింది. పాటతోబాటు ఒక ఈల కూడా వచ్చింది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ దాని స్థాయి పెరుగుతున్నది. ఆల్టర్నేటరు రొద ఎర్తు దారిన యంత్రంలోకి చొరబడితే వినిపించే ధ్వని అది. నలుపు తీగను పాత ముడి నుండి విప్పి, రంగు గీకి మెరిపించిన ఇనుము మీద బోల్టుతో బిగించగానే ఈల ఆగిపోయింది. ఇటువంటి క్షణాలలో కలిగే ఆనందం మార్కుల పట్టికలో దొరకదు.

ఆ రాత్రి వీధి చివరి వరకు వినిపించేలా పాటలు మ్రోగాయి. అద్దాలు అదిరాయి. మిత్రులు మెచ్చుకున్నారు. తండ్రి వెనుక సీటులో రెండు నిమిషాలు కూర్చుని, "మంచిగనే ఉన్నది బిడ్డా" అని లేచిపోయాడు.

వారం తరువాత తల్లి యథాలాపంగా అన్న మాట కుమారుని గుచ్చింది. "నువ్వు లేనప్పుడు మీ బాపు దాన్ని ముట్టుకోడు. చప్పుడే గని మాట తెలుస్తలేదంటడు." వారం కష్టం, ఆరువేల రూపాయలు వ్యర్థమైనట్లు అతనికి తోచింది. తండ్రిపై కోపమూ వచ్చింది. మరునాడు కాజీపేటకు పోతుండగా రేడియోలో వార్తలు పెట్టి గమనించాడు. తండ్రి మెడను కొద్దిగా ఎడమకు తిప్పి, కుడి చెవిని ముందుకు ఉంచి వింటున్నాడు. అయినా, "ఏమన్నడు?" అని రెండుసార్లు అడిగాడు. పక్క సీటులోని కుమారుడు ఇచ్చిన జవాబు కూడా ఆయనకు అందలేదు.

అప్పుడు కుమారునికి ఇన్నేళ్ల మౌనం వేరుగా కనిపించింది. మన బస్సులలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. పాత బస్సులలో ఇంజను ఆయనకు ఎడమ పక్కనే, ఒక మూత మాటున గర్జిస్తూ ఉండేది. ముప్పై ఏళ్లు ఆ గర్జనను ఎడమ చెవి మోసింది. కారులో పక్కన కూర్చున్నవారి మాట చేరవలసింది కూడా ఆ చెవికే. ఆయన మాట్లాడకపోవడం కాదు, ఆయనకు మాట వినిపించకపోవడం. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఆయన చెప్పనూ లేదు.

బ్రతిమాలి చెవుల వైద్యుని వద్దకు తీసుకుపోయారు. పరీక్షలో గీసిన రేఖ తగ్గు స్వరాల వద్ద సమంగా నడిచి, 4000 హెర్ట్జుల దగ్గర గుంతలోకి జారింది. ఎడమ చెవిది మరింత లోతుగా. దీర్ఘకాలం రొదలో పనిచేసినవారి చెవికి అది ఆనవాలు అని వైద్యుడు చెప్పాడు. 85 డెసిబెల్సు శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని నిపుణులు నిర్ణయించారు. ఆపై మూడేసి డెసిబెల్సు పెరిగేకొద్దీ ఆ వ్యవధి సగమవుతూ పోతుంది. లోపలి చెవిలో నశించిన సూక్ష్మ కణాలు తిరిగి పుట్టవు. అటువంటి చెవికి అచ్చులు వినిపిస్తాయి. స, శ, త, ఫ వంటి హల్లులు జారిపోతాయి. శబ్దం ఉంటుంది, మాట ఉండదు. పైగా తగ్గు స్వరాల మోత ఎక్కువైతే మిగిలిన కొద్దిపాటి హల్లులను కూడా అది కప్పివేస్తుంది. తండ్రి వినికిడికి కుమారుడు చేసిన ఉపకారం సరిగ్గా అదే!

అతడు మళ్లీ పనిముట్లు తీశాడు. ఈసారి దుకాణానికి పోలేదు. వెనుక స్పీకర్ల ధ్వనిని దాదాపు పూర్తిగా తగ్గించి, ముందు స్పీకర్లకు మళ్లించాడు. కుడివైపు స్పీకరును డ్రైవరు చెవి దిశగా కొంచెం ఒరిపి బిగించాడు. తగ్గు స్వరాలను దించి, హెచ్చు స్వరాలను ఒక్క మెట్టు పెంచాడు. ఆ తరువాత చేసిన పనికి స్టీరియోతో సంబంధమే లేదు. తలుపుల చుట్టూ ఎండిపోయిన రబ్బరును మార్చాడు. డిక్కీలో కొట్టుకుంటున్న జాకీని గుడ్డలో చుట్టి కట్టాడు. కాళ్ల కింద మందపాటి రబ్బరు పరిచాడు. కొన్న స్పీకర్లన్నింటికన్నా ఈ పనే ఎక్కువ ఫలితమిచ్చిందని చెప్పక తప్పదు. రొద తగ్గిన చోట చిన్న గొంతు కూడా నిలుస్తుంది. మిత్రులు వచ్చి విని పెదవి విరిచారు. అద్దాలు అదరడం లేదు కదా!

జూన్‌లో ఒక ఆదివారం తండ్రీకొడుకులు పరకాల దారిలో బంధువుల ఊరికి బయలుదేరారు. ఆకాశవాణి వరంగల్లు కేంద్రం నుండి ఏదో హాస్య నాటిక వస్తున్నది. కుమారుడు బయటకు చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తండ్రి నవ్వాడు. రేడియోలోని ముసలి పాత్ర అన్న మాటకు నవ్వాడు. ఆ మాటను కుమారుడు పరధ్యానంలో వినలేదు.

"ఏమన్నడు బాపూ?"

తండ్రి ఆ మాటను ముసలి గొంతుతోనే తిరిగి చెప్పాడు. చెప్పి, ఎడమ చేయి చాచి ధ్వనిని రెండు మెట్లు తగ్గించాడు.

వినికిడి యంత్రం మాట ఎత్తితే మాత్రం, దసరా పోయినంక చూద్దామంటున్నాడు.