ఆ ఒక్క యూనిట్

ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, జేబులోంచి కరెంటు బిల్లు తీశాను.
204 యూనిట్లు. పోయిన నెల 196.
ఎనిమిది యూనిట్లకి ఎనర్జీ చార్జీలోనే 250 రూపాయల తేడా!

అక్కడే లెక్కేశా. తెలంగాణలో వంద దాటి 200 లోపైతే మొదటి వందకి యూనిట్ 3.40, రెండో వందకి 4.80.
దాటితే మొదటి రెండొందలకీ 5.10, ఆపైన మూడొందల దాకా 7.70.
అంటే 201వ యూనిట్ ఒక్కటే 207 రూపాయల 70 పైసలు!

తార్నాక ఇంటికొచ్చేసరికి గీజర్ ఎర్ర లైటు వెలుగుతోంది. రెండు వేల వాట్లది, గంట కాగితే రెండు యూనిట్లు.
అమ్మ మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటోంది. ఏమనగలను?

కింది వాటాలో నలుగురు యూనివర్సిటీ పిల్లలు, ఒకటే మీటరు. వాళ్ళకి ఈ 200 గీత సంగతి ఎవరైనా చెప్పారో లేదో. సాయంత్రం వెళ్ళి చెప్పాలి.

మీ బిల్లులో ఈసారి ఎన్ని యూనిట్లు? నెల మధ్యలో మీటరు చూసుకునే అలవాటు ఎవరికైనా ఉందా?